మూడో తూము ఇంట్లో గొంతు

ముమ్మిడివరం దాటాక లోపలికి వెళ్ళే ఒక కాలవగట్టు రోడ్డు మీద, మూడో తూము పక్కన ఒక పెంకుటిల్లుంది. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందునుంచి వెళ్ళకూడదంటారు. వెళ్తే ఏమవుతుందని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు. "వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుందండీ" అంటారు. మా వైపు భయపెట్టటం కూడా అండీలతోనే ఉంటుంది.

మూడో తూము అన్నది నేను పెట్టిన పేరే. ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళకండి. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేకపోయినా భయపడటానికి ఏ అడ్డూ లేదని, ఈ కథ విన్న రోజున నాకు బాగా తెలిసొచ్చింది.

చెప్పింది రాజబాబు. ఇళ్ళకి ఇంటర్నెట్ వైర్లు లాగి, తెగినప్పుడల్లా అతికే పని అతనిది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఊరికే కథలల్లే రకం కాదు. మా ఇంటి వైరు బాగుచేసి, టీ తాగుతూ చెప్పాడు. టీ చల్లారిపోయింది కానీ గ్లాసు మాత్రం చేతిలోనే ఉంది.

అతను వెళ్ళేనాటికి ఆ ఇంటికి చెడ్డపేరు వచ్చి మూడు నెలలు.

మొదట విన్నది రొయ్యల చెరువుల దగ్గర మేత చల్లే మనిషి. రాత్రి ఎనిమిదింటికి సైకిలు మీద వస్తుంటే సరిగ్గా ఆ ఇంటి ముందే చైను ఊడింది. దిగి, వంగి చైను ఎక్కిస్తున్నాడు. ఇంట్లో ఒక్క దీపం లేదు. కిటికీ సందులోంచి మాత్రం నీలంగా ఏదో వెలుగు... వస్తోంది, పోతోంది.

అప్పుడు లోపలినుంచి మగగొంతు. మెల్లగా, తీరిగ్గా —

"అతను ఆగాడు."

ఇతను తలెత్తాడు.

"చుట్టూ చూస్తున్నాడు... దారిలో ఎవరూ లేరు."

నిజంగానే ఎవరూ లేరు.

"వెనక్కి తిరిగాడు..."

అప్పటికే తిరిగేశాడు పాపం. సైకిలు అక్కడే వదిలేసి పరుగు. తెల్లారాక నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి తీసుకెళ్ళాడు. గొంతు ఎవరిదో కూడా చెప్పాడు — హైస్కూల్లో తనకి పాఠం చెప్పిన బంగారరాజు మాస్టారిది. మాస్టారు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

ఆ తరవాత పాలు పోసే ఆవిడ విన్నది. ఆటోవాడు విన్నాడు. పక్క తోటలో ఉండే మాణిక్యం — కొబ్బరికాయల దింపు చేస్తాడు — అతనైతే ఏకంగా కళ్ళతోనే చూశానన్నాడు. తెల్లపంచె కట్టుకుని మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారట. దాంతో చీకటి పడితే ఊరు మొత్తం ఆ గట్టు వదిలేసి చుట్టుతిరిగి పోవటం మొదలుపెట్టింది.

ఇల్లు ఖాళీ కాదు. అదే అసలు భయం. మాస్టారి భార్య సత్యనారాయణమ్మగారు ఆ ఇంట్లోనే ఒక్కర్తీ ఉంటున్నారు. నీటికాసులు వచ్చి ఆవిడకి చూపు పోయి పన్నెండేళ్ళు. పగలు వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతుంది. రాత్రయితే ఆ గొంతు. ఆవిడ దానితో మాట్లాడతారా, దాన్ని చూసి... చూడలేరనుకోండి, విని భయపడరా — అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కార్తీకంలో రాజబాబు ఆఫీసులో పాత కంప్లైంట్లన్నీ తీసి పరిష్కరించమన్నారు. ఆ జాబితాలో అడుగునెక్కడో ఒకటి కనపడింది. ఫోనులో ఆవిడ చెప్పింది చెప్పినట్టే టైపు చేసేసినట్టున్నారు.

"సినిమాల పెట్టెలో మా మాస్టారి గొంతు పోయింది. తెచ్చి పెట్టగలరు."

దాని కింద ముగ్గురు మనుషులు మూడుసార్లు "ఇంటికి తాళం" అని రాశారు. ఒక్కడూ వెళ్ళలేదన్నమాట.

రాజబాబు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. తారీఖు చూశాడు. మూడు నెలల కిందటిది. అంటే... ఆవిడ గొంతు తెచ్చి పెట్టమని అడిగిన వారంలోనే, ఆ ఇంట్లో గొంతు వినపడటం మొదలైంది.

వీళ్ళెవరూ వెళ్ళలేదు. మరి తెచ్చి పెట్టిందెవరు?

పగలే వెళ్దామనుకున్నాడు. వాన పట్టుకుంది, ఒకచోట స్తంభం ఒరిగింది, ఇంకోచోట కొబ్బరిమట్ట పడి వైరు తెగింది. అన్నీ అయ్యేసరికి రాత్రి ఏడున్నర. రేపు చూద్దామంటే జాబితాకి అదే ఆఖరి రోజు.

తూము దగ్గర బండి ఆపాడు. సన్నగా తుంపర పడుతోంది. దూరంగా రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్న చప్పుడు. ఇల్లు చీకటిగా ఉంది. కిటికీలో నీలం వెలుగు... వస్తోంది, పోతోంది.

గేటు మీద చెయ్యి వేశాడు.

"ఒక మనిషి గేటు దగ్గర నిలబడ్డాడు."

చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

"లోపలికి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు... రమ్మని ఎవరూ పిలవలేదు."

రాజబాబు కిటికీ వైపు చూశాడు.

"అయినా వెళ్తున్నాడు."

"పారిపోదామనే అనుకున్నానండీ" అన్నాడు నాతో. "అబద్ధం ఎందుకు, ఒక కాలు వెనక్కి పడిపోయింది కూడానండి. కానీ ఆ రాసిన మాట గుర్తొచ్చింది. తెచ్చి పెట్టగలరు, అని. మూడు నెలలుగా కళ్ళు లేని మనిషి మన కోసం చూస్తూ కూర్చుందండి. మనం తాళం అని రాసేసేం."

గేటు తోసి పిలిచాడు. "అమ్మగారూ... ఇంటర్నెట్ వాళ్ళమండీ..."

"ఆయ్, రండి బాబూ" లోపలినుంచి ఆడగొంతు. "తలుపు దగ్గరగా వేసుంది, నెట్టుకుని రండి. లైటు స్విచ్చి కుడిపక్కనుందండి. నాకు అక్కర్లేక వెయ్యను."

స్విచ్చి నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు.

"వెలగటం లేదండీ."

"బల్బు పోయిందేమో. నాకెలా తెలుస్తుందండి?"

ముందుగదిలో టీవీ నడుస్తోంది. వెలుగంతా దానిదే. టీవీ పక్కనే లోపలి గదికి గుమ్మం, దానికి పువ్వుల కర్టెను. ఎదురుగా కుర్చీలో ఆవిడ, తల ఒక పక్కకి వాల్చి వింటున్నారు. టీవీ దిక్కునుంచి మళ్ళీ అదే గొంతు —

"వచ్చినవాడు గది అంతా కలయజూస్తున్నాడు. గోడ మీద పటం చూసి ఆగాడు."

రాజబాబు గబుక్కున టీవీ వైపు చూశాడు. తెర మీద ఎవరో ఒకాయన ఒక ఇంట్లోకి వచ్చి, చుట్టూ చూస్తున్నాడు. గోడ మీద పటం ఉంది.

సినిమా!

రాజబాబుకి ప్రాణం లేచొచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ మనిషీ, చైను ఊడిన రాత్రి వెనక్కి తిరిగిన మనిషీ — అందరూ సినిమాలోవాళ్ళే. మూడు నెలలుగా మండలంలో సగం మంది సినిమా చూసి, కాదు, విని పారిపోతున్నారన్నమాట. నవ్వొచ్చింది కూడా.

ఆవిడే చెప్పారు. "నాకు చూపు పోయేక సినిమా పెడితే మాటలొక్కటే వినపడేవండి. మధ్యలో ఎవరేం చేస్తున్నారో తెలిసేది కాదు. మాస్టారు పక్కన కూర్చుని చెప్పేవారు. తరవాత ఈ పెట్టె కొన్నారు. మా ఇంటి సినిమాలన్నీ అందులోనే ఉంటాయి, టీవీలో కావాలంటే టీవీలో, ఫోన్లో కావాలంటే ఫోన్లో వస్తాయండి. ఇంక రోజూ మధ్యాహ్నం మైకు పెట్టుకుని, ఒక్కో సినిమాకీ మాటల మధ్య ఖాళీల్లో జరిగేదంతా చెప్పి రికార్డు చేసేవారు. సినిమా మాటలు ఒక ట్రాకు, ఆయన గొంతు కలిపింది ఇంకో ట్రాకు. ఏది కావాలంటే అది పెట్టుకోవటమే. రెండొందల పదహారు సినిమాలకి చెప్పేరండి."

కుర్చీ చెయ్యి తడుముతూ అన్నారు. "ఆయన పోయేక పాత పెట్టె పాడైపోయింది. మా మరిది వచ్చి సినిమాలన్నీ కొత్త పెట్టెలోకి ఎక్కించేడు. దాన్లో చూస్తే సినిమాకి ఒకటే ట్రాకు. తెలుగు, అంతే. రెండోది లేదండి. ఆయన రెండోసారి పోయినట్టయింది నాకు. పెట్టె మీ వైరుకే కలిపుంది కదా అని మీకు ఫోను చేసేను."

"మరి ఇప్పుడు వస్తోంది కదండీ?"

"ఆయ్. మీరు రాలేదు కానీ... వారం తిరక్కుండా దానంతటదే వచ్చేసిందండి."

మొండికేసిన యంత్రాలు వాటంతటవి బాగుపడటం రాజబాబు రోజూ చూసేదే. హమ్మయ్య అనుకుని ఫోను తీశాడు, పని పూర్తయిందని రాసేద్దామని. రాస్తూ రాస్తూ తెర మీదికి చూశాడు. నది, పడవ, ఉత్తరం చదువుతున్న అమ్మాయి.

ఈ సినిమా చూశాను, అనుకున్నాడు. ఎప్పుడు? వినాయకచవితి వారంలో, అమలాపురంలో, భార్యతో. విడుదలైన మర్నాడు.

రాస్తున్న వేలు ఆగిపోయింది. మాస్టారు పోయి పధ్నాలుగు నెలలు. ఈ సినిమా వచ్చి రెండు నెలలు.

"ఉత్తరం చింపేసింది" అంది గొంతు, తాపీగా. "ముక్కలు నీళ్ళలో పడ్డాయి."

"అమ్మగారూ... ఈ సినిమా —"

"కొత్తదండి. మొన్న ఆదివారం టీవీలో వేసినప్పుడు పెట్టె రికార్డు చేసుకుంది."

"దీనిక్కూడా మాస్టారు... చెప్పేరా అండీ?"

ఆవిడ టీవీ వైపు చెవి ఒగ్గారు. "వినపడుతోంది కదండీ" అన్నారు చివరికి.

వాన పెద్దదైంది. రాజబాబు సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. ఆ క్షణంలో చేతులకి తెలిసిన పని అదొక్కటే. పెట్టెకి కలిపాడు. నడుస్తున్న సినిమా తెరిచాడు. ట్రాకుల జాబితా చూశాడు. ఒకటే వరస.

తెలుగు.

పేర్లు తప్పు చూపిస్తోందేమోనని ఫైలు లోపలికే వెళ్ళి చూశాడు. లోపలా ఒకటే. సినిమా మాటలు. అంతే. ఇంకో గొంతు లేదు. ఈ పెట్టెలో లేదు, ఈ సినిమాలో లేదు, ఉండటానికి వీల్లేదు.

రిమోటు కుర్చీ పక్కనే ఉంది. తీసుకున్నాడు. టీవీ సౌండు పూర్తిగా తీసేశాడు.

సంగీతం ఆగిపోయింది. నది చప్పుడు ఆగిపోయింది. తెర మీద అమ్మాయి పెదాలు కదులుతున్నాయి కానీ మాట లేదు.

"పడవ దూరంగా వెళ్ళిపోతోంది. ఆమె ఇంకా రేవులోనే ఉంది. చెయ్యి ఎత్తింది... మళ్ళీ దిం —"

గొంతు ఠక్కున ఆగింది.

గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బాబూ" అన్నారు ఆవిడ, ఏమీ ఎరగనట్టు. "సినిమా సౌండు పోయి, మాస్టారి గొంతొక్కటే వస్తోందేమండీ?"

అతను గొంతు వచ్చిన వైపు చూశాడు. టీవీ పక్కన కర్టెను... కదిలింది. ఫ్యాను తిరగటం లేదు. కిటికీ వేసే ఉంది. కర్టెను మళ్ళీ కదిలింది.

కింద, నేలకీ కర్టెనుకీ మధ్య జానెడు ఖాళీలో — రెండు పాదాలు.

"దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదండీ" అన్నాడు రాజబాబు నాతో. "నేను ముందు అదే చూసేనండి. ఒట్టు."

ముందుకే ఉన్నాయి. నల్లగా, వేళ్ళు విడివిడిగా, చెట్టెక్కే తాడు ఒరిసి ఒరిసి కాయలు కాసిన పాదాలు.

కర్టెను పక్కకి తొలిగింది. మాణిక్యం. కిటికీలో మాస్టారిని చూశానని ఊరంతా చాటిన మాణిక్యమే. అరవై ఏళ్ళ మనిషి. రెండు చేతులూ జోడించి, ఒక వేలు తీసి పెదాల మీద పెట్టుకున్నాడు. చెప్పకండి, అని. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

రాజబాబుకి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఊరందరికీ తెలిసిందే, మాణిక్యం పగలు చెట్లెక్కేవాడు కానీ, మాస్టారు వేయించిన పద్యనాటకాలన్నిటికీ తెర వెనక ప్రాంప్టింగు చెప్పింది అతనే, ఇరవై ఏళ్ళు. మాట మరిచిపోయిన పాత్రధారికి పక్కనుంచి మెల్లగా అందించటం అతని విద్య. మాస్టారు ఎక్కడ ఆగుతారో, ఎక్కడ సాగదీస్తారో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. మాస్టారి గొంతు పోయిందని అమ్మగారు ఏడుస్తుంటే చూడలేక, కర్టెను సందులోంచి టీవీ చూస్తూ తెర పక్కన నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి లైటు వేస్తే బయటపడతానని బల్బు తీసేశాడు. అసలెవరూ రాకుండా ఉండాలని దెయ్యాన్ని పుట్టించాడు. ఈ ఉత్సాహంలో, చనిపోయిన మనిషి కొత్త సినిమాకి చెప్పలేడన్న సంగతొకటి మరిచిపోయాడు.

"ఆయ్... వైరు వదులైందండీ" అన్నాడు రాజబాబు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఇదిగో, సరిచేసేను."

సౌండు పెంచాడు. సంగీతం వచ్చింది. ఒకటి, రెండు, మూడు ఊపిర్లు. కర్టెను మళ్ళీ మూసుకుంది. దాని వెనకనుంచి, ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే —

"చెయ్యి దించేసింది. ఇంటి దారి పట్టింది."

"నాకక్కడ ఏడుపొచ్చేసిందండీ" అన్నాడు రాజబాబు.

కానీ వచ్చిన పని మిగిలే ఉంది. పాత సినిమాలు తెరిచాడు. మొదటిది... రెండు ట్రాకులు. రెండోది... రెండు. మూడోది... రెండు. మాస్టారి గొంతు ఎక్కడికీ పోలేదు. రెండు ట్రాకులూ తెలుగే కాబట్టి, కొత్త పెట్టె భాష పేరొక్కటే చూసి, రెండూ ఒకటే అనుకుని రెండోదాన్ని దాచేసింది. మాస్టారు ప్రతి ట్రాకుకీ చేత్తో టైపు చేసి ఒక పేరు పెట్టుకున్నారు. ఆ పేరుని పెట్టె పైకి చూపించటం లేదు.

ఏం పేరో చూశాడు. "సత్యకి."

సత్య అంటే అమ్మగారే. రెండొందల పదహారింటికీ అదే పేరు. సత్యకి, సత్యకి, సత్యకి.

ఒక్క చిన్న మార్పు చేస్తే చాలు, టీవీలో ఆ పేరు కనపడుతుంది, మాస్టారు నోరు విప్పుతారు. వేలు మీట మీద ఉంది. నొక్కలేకపోయాడు. కర్టెను వెనకనుంచి ముసలి గొంతు అలిసిపోతూ చెప్తూనే ఉంది. నొక్కితే ఈ మనిషి రేపటినుంచి ఏమైపోతాడు? నొక్కకపోతే... మొగుడి గొంతు పెళ్ళానికి ఇవ్వకుండా దాచే హక్కు తనకెవరిచ్చారు?

"బయట వైరొకసారి చూసి వెళ్తానండి" అని లేచాడు. ఆవిడ కర్ర తీసుకుని గేటు దాకా వచ్చారు. వాన వెలిసింది. తూములో నీళ్ళు జోరుగా పోతున్నాయి. ఇంట్లోకి ఇక్కడి మాట వినపడదు.

"అమ్మగారూ, మాస్టారి గొంతు పోలేదండి. పెట్టెలోనే ఉంది, అన్ని సినిమాలకీ ఉంది. ఆయన పెట్టిన పేరు చూపించక మీకు దొరకలేదంతేనండి."

ఆవిడ గేటు ఊచ పట్టుకున్నారు. "ఏం పేరండి?"

"సత్యకి, అనండి."

ఆ మాట తనలో తనే ఒకసారి అనుకున్నారు. తరవాత మెల్లగా అడిగారు. "అయితే లోపల చెప్తున్నదెవరో మీరు చూసేరన్నమాట."

రాజబాబు తెల్లబోయాడు. "మీకు... తెలుసాండీ?"

"మొదటి రోజే తెలిసిందండి. నలభై ఏళ్ళు పక్కనున్న మాస్టారి గొంతేదో, మాణిక్యం గొంతేదో పోల్చుకోలేనా బాబూ?" చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను తీసి ఇచ్చారు. "దీన్లో పెట్టండి. పగలు వింటాను."

ఏది తాకితే అది చదివి చెప్పే ఫోను అది. రాజబాబు సర్దాడు. ఆవిడ వేలు తెర మీద జరిపారు. ఫోను పైకి చదివింది — "తెలుగు... సత్యకి." ఇంకోసారి తాకారు. ఇంకోసారి చదివింది. ఫోను గుండెకి పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"టీవీలో కూడా పెట్టేస్తానండి, రెండు నిమిషాల పని" అన్నాడు.

"వద్దు బాబూ." చెయ్యి చాచి, అతని భుజం దొరికేదాకా తడిమి పట్టుకున్నారు. "టీవీలో కనపడనివ్వకండి. మాణిక్యం పెళ్ళాం పోయి ఆర్నెల్లయిందండి. ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యటం లేదు. ఇక్కడ సినిమా అయ్యేక చప్పుడు కాకుండా దొడ్డిదారిన వెళ్ళి, మళ్ళీ ముందునుంచొచ్చి తలుపు కొడతాడు. 'ఇటే పోతున్నానండి అమ్మగారూ, పలకరిద్దామని' అంటాడు. అన్నం పెడతాను. రోజుకి ఆ ఒక్కపూటేనండి వాడు తినేది."

లోపల గొంతు ఇంకా చెప్తూనే ఉంది, వినేవాళ్ళు లేని గదిలో.

"అది కాస్తా బాగుపడిపోతే" అన్నారు ఆవిడ, "రేపు ఏమని వస్తాడండి?"